ఆజ్ఞకు హద్దు ఎక్కడ?

సైనికునికి ఆజ్ఞాపాలనమే పరమధర్మమని అన్ని దేశాల సైన్యాలూ బోధిస్తాయి. ఆ మాటలో తప్పు లేదు. పై అధికారి ఇచ్చిన ప్రతి ఆజ్ఞనూ ప్రతి సిపాయీ తూచి చూచుకొని, నచ్చితేనే పాటించడం మొదలుపెడితే సైన్యం ఒక్క పూట కూడ నిలవదు. అయితే ఆ ధర్మానికి హద్దు ఏదైనా ఉన్నదా? ఉంటే, ఆ హద్దు వచ్చినదని గుర్తించవలసినది ఎవరు? గుర్తించిన తరువాత చేయవలసినది ఏమిటి? ఈ ప్రశ్నలను గ్రంథాలలో చదివి కాక, తన ఉద్యోగంలోనే ఎదుర్కొన్న ఒక జర్మన్ ఫిరంగిదళాధికారి కథ ఈ మాసం చెప్పుకుందాం. ఆయన పేరు లుడ్విగ్ బెక్.

రెండవ ప్రపంచయుద్ధం అనగానే మనకు స్ఫురించే జర్మన్ సేనానుల పేర్లు వేరు. రొమ్మెల్, గుడేరియన్, మాన్‌స్టైన్ వంటి వారిని గూర్చి గ్రంథాలకు గ్రంథాలే వెలువడినవి. బెక్ ఆ యుద్ధంలో ఒక్క దళాన్ని కూడ నడపలేదు. యుద్ధం మొదలు కావడానికి ఏడాది ముందే పదవి విడిచి ఇంటికి వెళ్ళిపోయాడు. కాని ఆ యుద్ధం చేసిన సైన్యాన్ని తీర్చిదిద్దిన ముఖ్యులలో ఆయన ఒకడు. తన చేతులతో పదును పెట్టిన కత్తి ఎవరి చేతిలోకి పోయిందో ఆలస్యంగా తెలుసుకున్నవాడు. రెండు ప్రపంచయుద్ధాల నడుమ ఇరవై ఏండ్ల ఆయన ఉద్యోగ జీవితమే ఈ కథ.

ఇనుము చరిత్ర వ్రాసినవాని కుమారుడు

బెక్ 1880 జూన్ 29వ తేదీన రైన్ నది ఒడ్డున, వీస్‌బాడెన్ నగరాన్ని ఆనుకొని ఉన్న బీబ్రిక్ అనే ఊళ్ళో జన్మించాడు. తండ్రి లోహశాస్త్రవేత్త. ఇనుము చరిత్రను అయిదు బృహత్సంపుటాలుగా రచించిన పండితుడు. అటువంటి ఇంట పెరిగిన బాలునికి పుస్తకాలూ, లెక్కలూ, క్రమబద్ధమైన ఆలోచనా సహజంగానే అబ్బాయి. 1898లో, పద్దెనిమిదవ ఏట, అప్పటికి జర్మనీ అధీనంలో ఉన్న స్ట్రాస్‌బర్గ్ నగరంలోని పదిహేనవ ప్రష్యన్ ఫిరంగి రెజిమెంటులో చేరాడు.

ఫిరంగిదళంలో చేరినవానికి సాహసం ఒక్కటే చాలదు. కంటికి కనిపించని లక్ష్యాన్ని కొట్టాలి. దూరం, ఎత్తు, గాలి వేగం, గుండు బరువు అన్నీ లెక్కకు రావాలి. లెక్క తప్పితే గుండు తనవారి నెత్తినే పడుతుంది. కనుక ముందు గణించడం, తరువాత పేల్చడం ఫిరంగిదళం వారికి అలవాటు. ఈ అలవాటు బెక్ స్వభావంతో పూర్తిగా కలిసిపోయింది. యుద్ధ విద్యాపీఠంలో మూడేండ్లు చదివి, మొదటి ప్రపంచయుద్ధకాలమంతా పశ్చిమ రంగంలో సేనాధిపతుల కార్యాలయాలలో ప్రణాళికలు వేసే పనిలో గడిపాడు. 1916లో వివాహమైంది. మరుసటి సంవత్సరమే భార్య మరణించింది. ఒక్కతే కూతురు. ఆయన మరల వివాహం చేసుకోలేదు. ఆ తరువాత పనియే ఆయనకు లోకమయింది.

1918 నవంబరులో జర్మనీ ఓడిపోయింది. యుద్ధవిరమణ షరతుల ప్రకారం ఆక్రమిత ప్రాంతాలను పదిహేను రోజులలో ఖాళీ చేయవలసి వచ్చింది. సుమారు తొంభై డివిజన్ల సైన్యాన్ని రైన్ నది దాటించి వెనుకకు తీసుకువచ్చే ఏర్పాట్లలో బెక్ ప్రధానపాత్ర వహించాడు. ఓడిన సైన్యం చెదరిపోకుండ ఇల్లు చేరడం చిన్న విషయం కాదు. అయితే ఆ నెలలోనే చక్రవర్తి సింహాసనం విడిచి హాలెండుకు వెళ్ళిపోయాడు. తాను ప్రమాణం చేసిన రాజు లేడు. తాను ఎరిగిన రాజ్యం లేదు. ఆనాటి గాయం బెక్ మనస్సులో చాలాకాలం మానలేదు. తరువాతి కథకు ఇది ఒక మూలం.

లక్షమంది సైన్యం

1919లో కుదిరిన వర్సెయిల్స్ సంధి జర్మన్ సైన్యాన్ని లక్షమందికి కుదించింది. వారిలో అధికారులు నాలుగువేలకు మించరాదు. ఏడు పదాతి డివిజన్లు, మూడు ఆశ్విక డివిజన్లు మాత్రమే ఉండాలి. టాంకులు, యుద్ధవిమానాలు, విషవాయువులు నిషిద్ధం. ఫిరంగిదళానికి ఈ సంధి మరింత కఠినంగా పరిణమించింది. పెద్ద ఫిరంగులు ఉండరాదు. మైదాన ఫిరంగులు దేశం మొత్తానికి 288 మాత్రమే. వాటిలో 204 చిన్న ఫిరంగులు, 84 హౌవిట్జర్లు. మొన్నటి వరకు వేలాది ఫిరంగులతో యుద్ధం చేసిన వారికి ఇది ఆటవస్తువుల లెక్కగా తోచింది.

సంధి మరొక పని కూడ చేసింది. జర్మన్ సైన్యానికి మెదడు వంటి జనరల్ స్టాఫ్‌ను రద్దు చేసింది. కాని పేరు పోయినంత మాత్రాన పని పోలేదు. ‘ట్రుప్పెనామ్ట్’, అనగా సైనికదళాల కార్యాలయం అనే సాదా పేరుతో అదే పని చాటుగా సాగింది.

చిన్న సైన్యం వల్ల ఎవరూ ఊహించని ఫలితం ఒకటి కలిగింది. నాలుగువేల మందిని మాత్రమే ఉంచుకోవలసి వచ్చినప్పుడు, చదువూ దక్షతా కలవారిని ఏరి ఉంచుకున్నారు. వారిలో ఫిరంగిదళం నుండి వచ్చిన వారు ఎందరో తరువాత పైమెట్లు ఎక్కారు. సైన్యాధ్యక్షుడైన ఫ్రిచ్, ఆయన తరువాత ఆ పదవి చేపట్టిన బ్రౌఖిచ్, హిట్లర్‌కు కుడిభుజాలైన కైటెల్, యోడల్, నాజీ పక్షపాతిగా పేరుపడిన రైఖెనౌ, బెక్ స్థానంలోకి వచ్చిన హాల్డర్, దేశంలోని రిజర్వు సైన్యానికి అధిపతి అయిన ఫ్రొమ్ వీరందరూ ఫిరంగిదళంలో పెరిగినవారే. ఒకే బడిలో చదివినవారు ఒకే పరీక్షలో ఎన్ని విధాల సమాధానాలు వ్రాశారో చూడాలంటే ఈ పేర్లను మనం గుర్తుంచుకోవాలి.

ఉల్మ్ లెఫ్టినెంట్లు

1929లో బెక్ ఫుల్డా పట్టణంలో అయిదవ ఫిరంగి రెజిమెంటుకు అధిపతి అయ్యాడు. అక్కడ ఉండగానే రాజకీయం ఆయన గుమ్మంలోకి వచ్చింది. ఆ రెజిమెంటుకు చెందిన ఉల్మ్ పటాలంలోని షెరింగర్, లుడిన్ అనే ఇద్దరు యువ లెఫ్టినెంట్లు సైన్యంలో నాజీ భావాలను ప్రచారం చేస్తున్నారన్న నేరంపై 1930లో అరెస్టయ్యారు. సైన్యం నుండి అప్పటికే తప్పుకున్న వెండ్ట్ అనే మూడవ అధికారి కూడ వారితో చిక్కుకున్నాడు. లైప్‌జిగ్ నగరంలోని అత్యున్నత న్యాయస్థానంలో విచారణ జరిగింది. రెజిమెంటు అధిపతిగా బెక్ సాక్ష్యమిచ్చి, తన కుర్రవాళ్ళ గుణశీలాలను గూర్చి మంచిమాట చెప్పాడు.

అదే విచారణలో సెప్టెంబరు 25న సాక్షిగా నిలిచినవాడు అడాల్ఫ్ హిట్లర్. పదకొండు రోజులకు ముందే జరిగిన ఎన్నికలలో అతని పార్టీ బలం 12 స్థానాల నుండి 107 స్థానాలకు ఎగబాకింది. తాను చట్టబద్ధంగానే అధికారంలోకి వస్తానని అతడు న్యాయమూర్తుల ఎదుట ప్రకటించాడు. వచ్చిన తరువాత తలలు దొర్లుతాయని కూడ దాచకుండ చెప్పాడు. వినవలసినవారు మొదటి మాటను విన్నారు. రెండవ మాటను వినలేదు.

ముగ్గురికీ పదునెనిమిది నెలల కోట నిర్బంధం పడింది. ఆ తరువాతి కథ విచిత్రమైనది. షెరింగర్ చెరలోనే మనస్సు మార్చుకొని కమ్యూనిస్టు అయ్యాడు. లుడిన్ నాజీ పార్టీలో పైకి వచ్చి స్లొవేకియాలో జర్మన్ రాయబారి అయ్యాడు. యుద్ధానంతరం 1947లో బ్రాటిస్లావాలో అతనిని ఉరితీశారు. వీరిని సమర్థించిన బెక్ మూడవ దారిన వెళ్ళాడు. అయితే ఆ దారి పట్టడానికి ఆయనకు ఇంకా ఎనిమిదేండ్లు పట్టింది.

ఒక గ్రంథం, అందులోని ఒక సూత్రం

1931 నుండి బెక్ ఒక ముఖ్యమైన పనికి పూనుకున్నాడు. సేనలను యుద్ధరంగంలో నడిపే విధానాన్ని వివరించే అధికార గ్రంథం తయారుచేయడం ఆ పని. సహచరులతో కలిసి ఆయన సిద్ధం చేసిన ‘ట్రుప్పెన్‌ఫ్యూరుంగ్’ మొదటి భాగం 1933లో, రెండవ భాగం 1934లో వెలువడినవి. జర్మన్ సైన్యం 1945 వరకు దీనినే ప్రమాణంగా ఉంచుకున్నది. సైనికశాస్త్ర విద్యార్థులు నేటికీ దీనిని చదువుతారు.

ఇందులో రెండు సూత్రాలు మన కథకు ముఖ్యం. మొదటిది: పరిస్థితి మారినప్పుడు ఇచ్చిన ఆజ్ఞను పట్టుకొని వేలాడకుండ, బాధ్యత తనపై వేసుకొని కింది అధికారి తన బుద్ధితో నిర్ణయం తీసుకొనవచ్చును. రెండవది: సాధనం ఎంచుకోవడంలో పొరపాటు పడటం కంటె, ఏమీ చేయకుండ ఊరకుండడమే అధికారి విషయంలో పెద్ద దోషం. ఈ సూత్రాలు యుద్ధరంగాన్ని ఉద్దేశించి వ్రాసినవి. వీటిని వ్రాసినవానికే ఒకనాడు ఇవి కొలబద్దలవుతాయని అప్పుడు ఎవరూ అనుకొని ఉండరు.

1933 జనవరి 30న హిట్లర్ ప్రధాని అయ్యాడు. ఈ మార్పును బెక్ సంతోషంతో స్వాగతించాడు. 1918 తరువాత కనిపించిన మొదటి వెలుగురేఖ ఇదేనని ఆ మార్చిలో ఒక లేఖలో వ్రాసుకున్నాడు. దీనిని మనం కప్పిపుచ్చకూడదు. సంధి సంకెళ్ళు తెగాలి, సైన్యం మరల పెరగాలి, దేశానికి పూర్వగౌరవం రావాలి అనే కోరికలు ఆయనలోనూ ఉన్నవి. ఆ కోరికలు తీర్చేవాడు ఎటువంటివాడు అన్న విచారణ వెనుకబడింది. అదే ఏప్రిల్‌లో యూదులను ప్రభుత్వోద్యోగాల నుండి తొలగించే చట్టం వచ్చింది. ఆయన అడుగు తడబడలేదు.

ప్రమాణం

1933 అక్టోబరు 1న బెక్ ట్రుప్పెనామ్ట్ అధిపతి అయ్యాడు. రెండు వారాలు తిరగకుండానే జర్మనీ నానాజాతి సమితి నుండి, నిరాయుధీకరణ మహాసభ నుండి తప్పుకున్నది. ఆ డిసెంబరులో బెక్ కార్యాలయం 21 డివిజన్ల సైన్యానికి, సుమారు మూడు లక్షల మందికి, ప్రణాళిక వేసింది. సంధి అనుమతించిన సంఖ్యకు ఇది మూడు రెట్లు.

1934 జూన్ 30న హిట్లర్ తన పార్టీలోని ప్రత్యర్థులను విచారణ లేకుండ చంపించాడు. మాజీ ప్రధాని జనరల్ ష్లైఖర్‌ను, జనరల్ బ్రెడోను కూడ ఆ గందరగోళంలోనే కాల్చివేశారు. తమ తోటి సేనానులు హతులైనా సైన్యం నోరు మెదపలేదు. అయిదు వారాలు గడవకముందే, ఆగస్టు 2న, వృద్ధ రాష్ట్రపతి హిండెన్‌బర్గ్ మరణించాడు. అదే రోజు సైనికులందరిచేత కొత్త ప్రమాణం చేయించారు. ఆ ప్రమాణం రాజ్యాంగానికి కాదు, దేశానికి కాదు. అడాల్ఫ్ హిట్లర్ అనే వ్యక్తికి, బేషరతుగా విధేయులమై ఉంటామని.

ఆ దినం తన జీవితంలో అత్యంత చీకటి దినమని బెక్ అన్నట్లు ఆయన సన్నిహితులు చెప్పుకున్నారు. కాని ప్రమాణం మాత్రం చేశాడు. మన భారతంలో భీష్ముడు ఇటువంటి చిక్కులోనే పడ్డాడు. సింహాసనం మీద ఎవరు కూర్చుంటే వారిని కాపాడుతానని మాట ఇచ్చినవాడు, సభలో అధర్మం జరుగుతుంటే ధర్మసూక్ష్మం తెలియలేదని తల వంచుకున్నాడు. ఇచ్చిన మాట గొప్పదే. ఆ మాటను అడ్డు పెట్టుకొని అధర్మం నడుస్తున్నప్పుడు దాని విలువ ఎంత? బెక్ ఈ ప్రశ్నను అప్పటికి వాయిదా వేశాడు.

పదును పెట్టిన కత్తి

1935 మార్చి 16న హిట్లర్ నిర్బంధ సైనికసేవను ప్రకటించి, 36 డివిజన్ల సైన్యం నెలకొల్పుతానన్నాడు. ఆ వేసవిలో జనరల్ స్టాఫ్ పాత పేరుతోనే బయటికి వచ్చింది. బెక్ దానికి అధిపతి. అక్టోబరులో యుద్ధ విద్యాపీఠం తిరిగి తెరుచుకున్నది. అదే నెలలో మొదటి మూడు టాంకు డివిజన్లు ఏర్పడినవి. బెక్ టాంకులకు అడ్డుపడిన పాతకాలపు మనిషి అని గుడేరియన్ తన స్మృతులలో వ్రాసుకున్నాడు. కాని ఆ మూడు డివిజన్లు వెలసినది బెక్ పదవిలో ఉన్నప్పుడే. నేటి చరిత్రకారులు గుడేరియన్ మాటను యథాతథంగా అంగీకరించరు.

ఇంతలో బెక్‌కు మొదటిసారి అనుమానం తగిలింది. 1935 మేలో జెకోస్లొవేకియాపై ఆకస్మిక దాడికి పథకం ఆలోచించమని యుద్ధమంత్రి బ్లొంబెర్గ్ ఆదేశించాడు. ఇది నిజంగా యుద్ధం కొరకే అయితే తాను పదవిలో ఉండనని బెక్ తెలియజేశాడు. 1937లో ఆస్ట్రియాపై చర్యకు పథకం అడిగినప్పుడు కూడ నిరాకరించాడు. అదే సంవత్సరం జూన్‌లో పారిస్ వెళ్ళి ఫ్రెంచి సైన్యాధిపతి గామెలాన్‌ను కలుసుకున్నాడు.

అయితే ఒక చేత్తో యుద్ధం వద్దంటూ, మరొక చేత్తో ఆయన సైన్యాన్ని పెంచుతూనే ఉన్నాడు. 1936 ఆగస్టు నాటి ప్రణాళిక 1940 నాటికి యుద్ధసమయంలో 102 డివిజన్లను రంగంలోకి దించగల సైన్యాన్ని కోరింది. దానికయ్యే ఖర్చు చూసి ఫ్రొమ్ అప్పుడే ఒక సూటి ప్రశ్న వేశాడు. ఇంత సైన్యాన్ని ఇంత వేగంగా సిద్ధం చేసిన తరువాత దానిని ఊరకే పోషించడం దేశానికి శక్తికి మించిన పని. ఒకటి, దానిని ఉపయోగించాలి. లేదా, తగ్గించుకోవాలి. యుద్ధం చేయాలన్న నిశ్చయం ఉన్నదా అని ఆయన పైవారిని అడిగాడు. సూటియైన జవాబు రాలేదు. లెక్కలు తెలిసిన మరొక ఫిరంగిదళాధికారి వేసిన ఈ లెక్కలోనే రాబోయే వినాశం అంతా ఇమిడి ఉన్నది.

1937 నవంబరు 5న హిట్లర్ తన ఆంతరంగిక సమావేశంలో ఆస్ట్రియా, జెకోస్లొవేకియాలను బలప్రయోగంతో కలుపుకోవాలన్న ఉద్దేశాన్ని బయటపెట్టాడు. ఆ సమావేశంలో బెక్ లేడు. కల్నల్ హొస్బాఖ్ వ్రాసిన వివరాలు చదివి, నవంబరు 12న దానిపై కఠినమైన విమర్శ వ్రాశాడు. ఆ విమర్శ కాగితంపైనే ఉండిపోయింది.

నిఘంటువులో లేని మాట

1938 ప్రారంభంలో సైన్యాధ్యక్షుడు ఫ్రిచ్‌పై తప్పుడు ఆరోపణ మోపి పదవి నుండి దింపారు. యుద్ధమంత్రి బ్లొంబెర్గ్ కూడ అప్పుడే పోయాడు. ఫిబ్రవరి 4న హిట్లర్ సర్వసైన్యాధిపత్యం స్వయంగా చేపట్టాడు. ఇప్పుడైనా ఏదో ఒకటి చేయాలని హాల్డర్ బెక్‌ను పురికొల్పాడు. తిరుగుబాటు అనే మాట జర్మన్ సైనికుని నిఘంటువులో లేదని బెక్ జవాబిచ్చినట్లు హాల్డర్ తరువాత చెప్పాడు.

మార్చి 10న హిట్లర్ బెక్‌ను పిలిపించి ఆస్ట్రియాలోకి సైన్యం పంపే ఏర్పాట్లు అడిగాడు. పోయిన ఏడాది నిరాకరించిన ఆ పథకాన్నే బెక్ ఇప్పుడు మాన్‌స్టైన్‌తో కలిసి కొన్ని గంటలలో సిద్ధం చేశాడు. 12న సేనలు సరిహద్దు దాటినవి. 18న న్యాయస్థానం ఫ్రిచ్ నిర్దోషి అని తీర్పు చెప్పింది. ఆస్ట్రియా విజయోత్సాహంలో ఆ తీర్పును పట్టించుకున్నవారు లేరు.

ఇక జెకోస్లొవేకియా వంతు. ఆ దేశాన్ని అణచివేయడం తన మార్పులేని నిశ్చయమని మే 30 నాటి ఆదేశంలో హిట్లర్ స్పష్టం చేశాడు. బెక్ కలం పట్టాడు. మే 5న, మే 29న, జూన్ 3న, జులై 16న వరుసగా విజ్ఞాపన పత్రాలు వ్రాసి కొత్త సైన్యాధ్యక్షుడు బ్రౌఖిచ్‌కు అందజేశాడు. ఫిరంగిని గురి చూచినట్లే అన్నీ లెక్కవేశాడు. జెకోస్లొవేకియాపై దాడి జరిగితే ఫ్రాన్సు, బ్రిటన్ ఊరుకోవు. వాటి వెనుక అమెరికా సంపద ఉంటుంది. యుద్ధం ఐరోపా అంతటికీ, ప్రపంచానికీ వ్యాపిస్తుంది. దీర్ఘయుద్ధాన్ని జర్మనీ భరించలేదు. చివరకు మిగిలేది సర్వనాశనం.

ఈ వాదనలో లోటు ఏమిటో కూడ చెప్పుకోవాలి. జెకోస్లొవేకియా ఉన్న రూపంలో జర్మనీకి సహింపరానిదని బెక్ కూడ ఆ పత్రాలలో ఒప్పుకున్నాడు. అంటే దాడి అధర్మమని కాదు, గెలవలేమని ఆయన ముఖ్యవాదన. జులైలో తయారు చేసుకున్న గమనికలలో పోలీసు దౌర్జన్యం పోవాలి, న్యాయం నిలవాలి, మతసంస్థలతో సంధి కావాలి, భావప్రకటనకు స్వేచ్ఛ కావాలి అని వ్రాసుకున్నాడు. కాని వాటికి మొదట ‘ఫ్యూరర్ కొరకు’ అనే నినాదం ఉన్నది. హిట్లర్ మంచివాడు, చుట్టూ ఉన్నవారు చెడ్డవారు అన్న భ్రమ అప్పటికీ పూర్తిగా వదలలేదు. యూదుల దుర్గతిని గూర్చి ఆ నినాదాలలో ఒక్క మాట లేదు.

అయినా జులై 16న ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. సేనానులందరూ ఒక్కటై రాజీనామా చేయాలని బ్రౌఖిచ్‌కు ప్రతిపాదించాడు. దేశం ఉనికికే ప్రమాదం వచ్చిన వేళ, తమ జ్ఞానమూ అంతరాత్మా బాధ్యతా ఒక ఆజ్ఞను పాటించవద్దని చెప్పినప్పుడు, అక్కడితో సైనికవిధేయత ముగుస్తుందని ఆయన వాదించాడు. అలా చేయని నాయకులపై చరిత్ర రక్తదోషం మోపుతుందని హెచ్చరించాడు. ఉన్నతపదవిలో ఉన్న సైనికుడు తన కర్తవ్యాన్ని సైనిక వ్యవహారాలకే పరిమితం చేసుకొని చూడటం గొప్పతనం కాదని కూడ చెప్పాడు.

ఒంటరి రాజీనామా

ఆగస్టు 4న బెర్లిన్‌లో సేనానుల సమావేశం జరిగింది. బెక్ వాదనను వారికి వినిపించారు. సైన్యం యుద్ధానికి సిద్ధంగా లేదని చాలమంది ఒప్పుకున్నారు. రైఖెనౌ, బుష్ మాత్రం విభేదించారు. కాని రాజీనామా మాట వచ్చేసరికి ఎవరూ లేవలేదు. బ్రౌఖిచ్ ఆ ప్రతిపాదనను సభ ముందు పెట్టనేలేదు. ఆగస్టు 15న యుటెర్‌బోగ్ ఫిరంగి మైదానంలో, జెకోస్లొవేకియా సమస్యను బలప్రయోగంతోనే తేల్చుతానని హిట్లర్ సేనానులకు చెప్పాడు. 18వ తేదీన బెక్ ఒంటరిగా రాజీనామా ఇచ్చాడు. 27న పదవి హాల్డర్‌కు అప్పగించి వెళ్ళిపోయాడు.

ఇక్కడ కూడ ఒక పొరపాటు జరిగింది. విదేశ పరిస్థితి సున్నితంగా ఉన్నది కనుక రాజీనామాను రహస్యంగా ఉంచవలసిందని హిట్లర్ కోరాడు. బెక్ అంగీకరించాడు. సైన్యానికి మెదడు వంటివాడు యుద్ధం వద్దని పదవి విడిచిన సంగతి దేశానికి గాని, ప్రపంచానికి గాని తెలియలేదు. అక్టోబరు చివరి రోజున ప్రకటన వెలువడేసరికి అంతా ముగిసిపోయింది. సెప్టెంబరు 29, 30 తేదీలలో మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్సు, ఇటలీ, జర్మనీ నాయకులు కూర్చొని జెకోస్లొవేకియా సరిహద్దు ప్రాంతాలను హిట్లర్‌కు వ్రాసి ఇచ్చారు. తుపాకి పేలలేదు. బెక్ లెక్క తప్పినదని సేనానులు అనుకున్నారు. ఆ లెక్క తప్పలేదు, ఏడాది ఆలస్యమైంది. 1939 సెప్టెంబరు 1న జర్మనీ పోలెండుపై దాడి చేసింది. 3వ తేదీన బ్రిటన్, ఫ్రాన్సు యుద్ధం ప్రకటించినవి.

ఇంటి వద్ద కూర్చున్న బెక్ నెమ్మదిగా మారాడు. నిఘంటువులో లేదన్న మాట ఆయన జీవితంలోకి వచ్చింది. హిట్లర్‌ను కూలద్రోయాలనుకున్న వారందరూ ఆయన చుట్టూ చేరారు. 1944 జులై 20న కల్నల్ స్టౌఫెన్‌బర్గ్ బాంబు పెట్టిన నాడు, ప్రయత్నం ఫలిస్తే దేశాధినేత కావలసినవాడు బెక్. హిట్లర్ బ్రతికాడు. ఆ రాత్రి బెర్లిన్ సైనిక కార్యాలయంలో బెక్‌ను అరెస్టు చేసినవాడు, ఒకప్పుడు సూటి ప్రశ్న వేసిన ఆ ఫ్రొమ్‌యే. బెక్ తన పిస్తోలు తనవద్దనే ఉంచమని అడిగాడు. రెండుసార్లు కాల్చుకున్నా ప్రాణం పోలేదు. ఒక సార్జెంటు ముగించాడు. ఆయనకు అప్పటికి 64 ఏండ్లు.

ఏడుగురి లెక్క

మొదట చెప్పుకున్న పేర్లకు ఒకసారి తిరిగి వద్దాం. ఫ్రిచ్ 1939 సెప్టెంబరులో వార్సా ముందు గుండు తగిలి మరణించాడు. రైఖెనౌ 1942 జనవరిలో జబ్బుతో పోయాడు. బ్రౌఖిచ్‌ను 1941 డిసెంబరులో, హాల్డర్‌ను 1942 సెప్టెంబరులో హిట్లర్ ఇంటికి పంపాడు. జులై కుట్రను అణచి తన్ను కాపాడుకోవాలని చూచిన ఫ్రొమ్‌ను 1945 మార్చిలో హిట్లర్ ప్రభుత్వమే కాల్చి చంపింది. కైటెల్, యోడల్‌లను 1946 అక్టోబరు 16న న్యూరెంబర్గ్‌లో ఉరితీశారు. ఆజ్ఞ ప్రకారం నడిచామన్న వారి వాదనను న్యాయస్థానం అంగీకరించలేదు.

ఆ న్యాయస్థానం 1946లో చెప్పిన మాట, బెక్ 1938లో తన పత్రంలో వ్రాసిన మాట, సారాంశంలో ఒకదానికొకటి దగ్గరివి. విధేయతకు హద్దు ఉన్నదని ఆయన ముందుగా గుర్తించాడు. కాని ఆ హద్దు 1938 జులైలో వచ్చినది కాదు. ఇద్దరు సేనానులను విచారణ లేకుండ చంపిన 1934 జూన్‌లోనే వచ్చింది. ప్రమాణం వ్యక్తి పేరున మారిన ఆగస్టులో మరల వచ్చింది. అప్పుడు సైన్యం చేతిలో బలం ఉన్నది. నాలుగేండ్ల తరువాత ఆ బలం హిట్లర్ చేతిలోకి మారింది. మార్చి ఇచ్చిన వారిలో బెక్ కూడ ఉన్నాడు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకున్నాడంటే అన్యాయం కాదు.

అయితే ఆయనను తక్కువ చేయడం కూడ న్యాయం కాదు. ఆకులు దొరికినా పట్టుకోనివారు చాలమంది. అదే బడిలో చదివి, అవే లెక్కలు చూచి, అదే ఫలితం కనుగొన్న సేనానులు ఆగస్టు 4న తల ఊపి ఊరుకున్నారు. పదవిని విడిచినవాడు ఒక్కడే. ఊరకుండడమే పెద్ద దోషమని తాను వ్రాసిన సూత్రానికి ఆయన ఆలస్యంగానైనా తల ఒగ్గాడు.

మనలో చాలమందికి సైన్యాలు లేవు. కార్యాలయాలు ఉన్నవి, పై అధికారులు ఉన్నారు, సంతకం చేయవలసిన కాగితాలు ఉన్నవి. ఇది తప్పు అని తెలిసిన కాగితం ఎప్పుడో ఒకప్పుడు అందరి బల్ల మీదికీ వస్తుంది. మొదటిది చిన్నదిగానే ఉంటుంది. దాని మీద సంతకం నిరాకరించడం సులభం. నాలుగేండ్ల తరువాత వచ్చే కాగితం పెద్దది. అప్పటికి నిరాకరించే బలం మన చేతిలో మిగిలి ఉంటుందన్న హామీ లేదు. బెక్ జీవితం చెప్పే పాఠం ఇదే.